విరిగాయా, తోడుకున్నాయా

దినచర్య 88

తలుపు మూసిన స్టేషన్‌లో వయసులో పెద్దవాళ్ళు రోజూ దినచర్య రాయాలని నిబంధన. లోపల ఉన్నవాళ్ళకి మతి చలిస్తే, ఎప్పటి నుంచి చలించిందో తర్వాత చదివి తెలుసుకోవడానికట. లోపల ఉన్నది ఇద్దరం. పెద్దదాన్ని నేనే. పేరు భ్రమరాంబ, చేసే పని రసాయన పరీక్షలు. రెండోవాడు ఆశీర్వాదం. స్టేషన్‌లో గాలీ నీళ్ళూ వాడు చూసుకుంటాడు. నా మతి ప్రస్తుతానికి బాగానే ఉంది. కోపం సంగతి మాత్రం హామీ ఇవ్వలేను.

ఇవాళ పొద్దున వంటగది హీటరుకి పిచ్చెక్కింది. మేం లేచేసరికి గది పొయ్యిలా కాలుతోంది. ఆశీర్వాదం తీగలు పీకి దాన్ని ఆపాడు గానీ, అప్పటికే అరలో పెట్టిన పెరుగు ఉడికిపోయి నీళ్ళు వేరు, ముద్ద వేరు అయిపోయింది. అందులోంచి చెంచాడు తీసి పాలలో వేసి సాయంత్రం దాకా చూశాను. పాలు పాలలాగే ఉన్నాయి. మా ఊరు కొత్త కోరంగి నుంచి బయల్దేరేటప్పుడు మా తోడికోడలు సుభద్రతో తగువు పడి మరీ తెచ్చుకున్న తోడు అది. మా అత్తగారి నాటి నుంచి ఒక్క రోజు ఆగకుండా మా ఇంట్లో వస్తున్న పెరుగు. అది చచ్చిపోయిందని, యాభై దాటినదాన్ని, కూర్చుని ఏడ్చాను. మతి చలించిందని రాసుకుంటే రాసుకోండి.

తలుపెందుకు మూశారో కూడా రాయాలి. ఈ మంచు చందమామ కడుపులో వేడినీళ్ళ గుండం ఒకటుంది. దాని మీదే మా స్టేషన్. గుండం రోజుకోసారి పొంగి గట్టు రాళ్ళని శుభ్రంగా కడిగేసి పోతుంది. పొంగు తగ్గాక రాళ్ళ మీద బూడిదరంగు తెట్టు కడుతుంది, కాచిన పాల మీద తొరకలాగా. మళ్ళీ పొంగు వచ్చి దాన్ని ఊడ్చేస్తుంది. మొదటిసారి దాన్ని చూసినప్పుడు రేడియోలో ఊరికి చెబుతూ, రాయి మీద ఏదో పెరుగుతోంది అన్నాను. కడుతోంది అన్నా సరిపోయేది. పెరుగుతోంది అన్నాను. ఆ ఒక్క మాటకి బయటి తలుపు బిగిసిపోయింది.

పరాయి జీవాన్ని ముట్టుకున్నవాళ్ళు మళ్ళీ ఊళ్ళో అడుగు పెట్టకూడదని చట్టం. తెట్టు జీవం కాదని తేలితే తలుపు తీస్తారు. జీవమని తేలితే ఎప్పటికీ తియ్యరు. సామాను మాత్రం లోపలికి పంపిస్తూ ఉంటారు, మేం పోయేదాకా. ఉన్నవి ఐదు గదులు, ఒక నడవ. నడవలో ఆశీర్వాదం ఎదురొస్తే ఇద్దరం గోడలకి అతుక్కుని దారిచ్చుకోవాలి. ఒక్కోసారి వాడి చొక్కా రంగు చూస్తేనే నాకు అరవాలనిపిస్తుంది. నన్ను చూస్తే వాడికీ అలాగే ఉంటుందని తెలుసు. పాపం, పైకి అనడు.

దినచర్య 91

మా సంగతి తేల్చేది మందాకిని గారు. ఊళ్ళో జీవ విచారణాధికారి. గొంతు మెత్తన, పట్టు గట్టి. ఆవిడవి మూడు ప్రశ్నలు. అది తింటుందా? తనలాంటిదాన్ని పుట్టిస్తుందా? తరం మారేకొద్దీ మారుతూ, ఆ మార్పుని తన తర్వాతదానికి అందిస్తుందా? మొదటి రెండు పనులూ నిప్పు కూడా చేస్తుందని, కట్టెని తింటుంది, పక్క కట్టెకి అంటుకుంటుందని, అయినా నిప్పుని ఎవరూ ప్రాణి అనరని ఆవిడ వాదన. కాబట్టి అసలు ప్రశ్న మూడోదే. పరిణామం లేనిది జీవం కాదు.

పరీక్ష నేనే చేస్తున్నాను. గాజు పాత్ర ఉడకబెట్టి, గట్టు రాయి పొడిని కూడా కాల్చి అందులో వేసి, వడగట్టిన నీళ్ళు పోసి వెచ్చగా ఉంచుతాను. కాసేపటికి తెట్టు కడుతుంది. కొలతలు తీసుకుని, అంతా పారబోసి, పాత్ర ఉడకబెట్టి, మళ్ళీ మొదలు. పాత తెట్టు పిసరు కూడా కొత్త పాత్రలో పడకూడదని ఆవిడ ఆజ్ఞ. పడితే కల్తీ. ఎన్నిసార్లు చేసినా తెట్టు ఒకేలా కడుతోంది, ఒకేలా ఆగుతోంది. దానికి అమ్మ అక్కర్లేదు. రాయి, వేడినీళ్ళు ఉంటే చాలు, ఇనుముకి తుప్పు పట్టినట్టు తనంతట తనే వచ్చేస్తుంది. అమ్మే లేనిదానికి వారసత్వం ఎక్కడిదని మందాకిని గారు రేడియోలో అంటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆశీర్వాదం పాచి తొట్టెలు కలుపుతూ ఇదంతా విన్నాడు. మా గాలి ఆ రెండు తొట్టెల్లోని పచ్చటి పాచి నుంచే వస్తుంది. బయట గాలి లేని మా ఊళ్ళోనూ అంతే, వీధికో తొట్టె. రోజూ కర్రతో అడుగు నుంచి పైకి కలపాలి, అంచులు గోకాలి. వాడు ఆ పని చేస్తూ ప్రార్థన పాటలు పాడుకుంటాడు. మట్టిలో దేవుడు ఊపిరి ఊదితేనే ప్రాణం వస్తుందని వాడి నమ్మకం. నేనేమో మట్టి, వేడినీళ్ళు, బోలెడంత కాలం ఉంటే చాలంటాను. వాడు కర్ర ఆపి ఒక మాట అడిగాడు.

"మరి మొట్టమొదటి ప్రాణికి అమ్మెవరక్కా?"

ఎవరూ లేరన్నాను. రాయీ నీళ్ళూ కలిసి తనంతట తనే వచ్చిందన్నాను. అయితే దానికీ మన తెట్టుకీ తేడా ఏంటన్నాడు. ఫిల్టరు చప్పుడు చేస్తోంది, పోయి చూడమని పంపించేశాను.

దినచర్య 95

పెరుగు లేకపోతే నాకు ముద్ద దిగదు. పాలపొడి కలిపి కాచి, చింతపండు రసం పిండి చూశాను. విరిగాయి. నిమ్మఉప్పు వేశాను. విరిగాయి. ఆ విరుగుడు అన్నంలో కలుపుకుంటే తింటున్నట్టు లేదు, శిక్ష అనుభవిస్తున్నట్టు ఉంది. డబ్బా నిండా చల్లమిరపకాయలు పెట్టుకుని పెరుగు లేకుండా బతకడం కంటే దౌర్భాగ్యం ఇంకోటి లేదు. రేడియోలో సుభద్రతో చెప్పుకుని ఏడిస్తే, నేను ఇవ్వనంటున్నా పట్టుకుపోయావుగా, బాగా అయిందిలే అంది. దాని నోరు అంతే.

మధ్యాహ్నం ల్యాబులో ఇవాళ్టి తెట్టు పారబొయ్యబోతూ, పాత్ర చేత్తో పట్టుకుని నిలబడిపోయాను. అందులో ఏముందో నాకంటే ఎవరికీ తెలియదు. ఇనుము, గంధకం, మట్టి. ఆ గుండం నీళ్ళే వడగట్టి మేం తాగుతున్నాం. తెట్టు సున్నాన్ని పట్టుకుని వలలా అల్లుకుంటుందని నా పరీక్షల్లోనే చూశాను. పాలలో సున్నం ఉంటుంది. చెంచాడు తెట్టు గోరువెచ్చటి పాలలో వేసి, మూత పెట్టి, ల్యాబులోని వెచ్చటి అరలో దాచాను. చెయ్యకూడని పని. చేశాను. ప్రాణం లేని వస్తువుని వంటలో వాడటం తప్పయితే ఉప్పు కూడా వాడకూడదు మరి.

సాయంత్రానికి గిన్నె వంచితే కదిలీ కదలనట్టు ఉంది. జారుడు, కొంచెం ఇనుప వాసన. అయినా అన్నంలో కలిసింది. తిన్నాను, ఏమీ కాలేదు. ఆశీర్వాదం వాసన చూసి మొహం అదోలా పెట్టి, ఎండు రొట్టె కొరుక్కుంటూ వెళ్ళిపోయాడు. కాస్త సీసాలో పోసి మంచు అరలో పెట్టాను. దేన్నయినా నమూనా దాచడం పరీక్షలు చేసేవాళ్ళకుండే జబ్బు. గిన్నె తోమేముందు ఒక చెంచాడు తీసి పక్కన పెట్టాను. అదెందుకు పెట్టానో ఆలోచించలేదు. రేపటికి తోడు తీసిపెట్టకుండా పెరుగు గిన్నె తోమే ఆడది మా ఇంట్లో లేదు.

దినచర్య 104

ఈమధ్య చాలా పేజీలు ఖాళీగా వదిలేశాను. ఒకే గోడలు, ఒకే మనిషి, ఒకే చప్పుడు. రాయడానికేముంది? నడవలో తలుపు దాకా నడుస్తాను. తలుపుకి గుండ్రటి అద్దం ఉంది, అవతల చీకటి గది. అద్దంలో నా మొహమే కనిపిస్తుంది. వెనక్కి వస్తాను. నాకు వీధి కావాలి. నీళ్ళ దగ్గర సుభద్రతో తగువు కావాలి. నన్ను ఎరగని మనిషి ఒక్కరు ఎదురొస్తే చాలు, కాళ్ళ మీద పడేలా ఉన్నాను.

సంతోషం ఏమైనా ఉందంటే పెరుగే. రోజూ మూడు చిన్న గిన్నెల్లో వేస్తున్నాను. ఏది గట్టిగా వచ్చిందో దాంట్లోంచే మర్నాటికి తీస్తాను. జారిపోయేదీ, ఇనుప వాసన వేసేదీ పారబోస్తాను. ఇప్పుడు వాసన పూర్తిగా పోయింది. గిన్నె బోర్లించినా జారదు. ఆశీర్వాదం కూడా పంతం మాని కంచం పట్టుకుని వచ్చాడు. ఇప్పుడు నాకంటే వాడే ఎక్కువ తింటున్నాడు. నీళ్ళు ఆదా అవుతాయని గిన్నెలు తొట్టె నీళ్ళతో తొలిచి, ఆ నీళ్ళు మళ్ళీ తొట్టెలోనే పోస్తున్నాడు. పాచికి బలమట.

ఇవాళ వాడి భార్య సువార్త రేడియో తెర మీదికి వచ్చింది. తలుపు మూసుకోవడానికి ఆరు నెలల ముందు, వాడు ఊరు వదిలినప్పుడు ఆమె నిండు నెలలతో ఉంది. పాప పేరు కృప. ఇన్నాళ్ళూ ఒళ్ళో బొమ్మలా కూర్చునే పిల్ల, ఇవాళ తెర మీద పాకింది. వీధి చివర తొట్టె అంచు పట్టుకుని లేచి నిలబడి, పచ్చటి నీళ్ళలో చెయ్యి పెట్టి కొడుతోంది. ఆశీర్వాదం ఇత్తడి గొట్టం మూతలతో ఒక గిలక్కాయ చేశాడు. తెర ముందు దాన్ని ఆడించాడు. పిల్ల తొట్టె వదిలేసి చప్పుడు ఎటు నుంచి వస్తోందా అని వెతికింది. ఒక్కసారి ఎత్తుకుంటే చాలక్కా అని వాడు నాతో అన్నప్పుడు నేను పళ్ళెం తుడుస్తున్నట్టు నటించాను.

దినచర్య 110

తేలిపోయింది. తెట్టు జీవం కాదు. పరిణామం లేదు, వారసత్వం లేదు, వెరసి రాతి మీద తుప్పు. మందాకిని గారు స్వయంగా నౌకలో వస్తున్నారు. చివరిగా మమ్మల్ని చూసి, మాట్లాడి, తలుపు తీసి తీసుకెళతారు. ఆశీర్వాదం నన్ను పట్టుకుని గిర్రున తిప్పాడు. ఇరుకు నడవలో నా మోచెయ్యి గోడకి కొట్టుకుని వాచింది. తిట్టాను గానీ, నేనూ నవ్వుతూనే ఉన్నాను.

అన్నం దగ్గర కూర్చున్నాం. వాడు గరిటె దించి, పెరుగు పలకలా లేచి రావడం చూసి సంబరపడ్డాడు.

"ఇవాళ రాయిలా తోడుకుందక్కా."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏమైందని వాడు అడిగితే పంటి నొప్పి అన్నాను.

చింతపండుకి పాలు విరుగుతాయి. ఆ విరుగుడు తీసి ఇంకో గిన్నె పాలలో, అందులోంచి ఇంకో గిన్నెలో వేస్తూ పొండి, పులుపు పలచబడిపోయి రెండు మూడు గిన్నెలకి పాలు మామూలుగానే ఉంటాయి. విరగడానికి తర్వాత అనేది లేదు. తోడుకోవడం వేరు. తోడుకోవాలంటే నిన్నటిది ఇవాళ్టిలోకి రావాలి, వచ్చి నిన్నటిలాగే చెయ్యాలి. మా భాషలో పసిపిల్లలు కూడా ఈ రెండు మాటల్నీ కలపరు. నేనేమో ఇన్నాళ్ళుగా నా నోటితో తోడు తీశాను, తోడు వేశాను అంటూ, ఏం చేస్తున్నానో నాకే వినపడకుండా తిరిగాను.

దినచర్య 113

మంచు అరలోని మొదటి రోజు సీసా తీసి కరిగించాను. దాన్నొక గిన్నెలో, నిన్నటి తోడు ఇంకో గిన్నెలో వేశాను. వాటి నుంచి మళ్ళీ, మళ్ళీ. సీసాలోది ఎన్నిసార్లు వేసినా జారుడుగానే వస్తోంది, ఇనుప వాసనతో, అదీ వెచ్చటి అరలో పెడితేనే. నిన్నటిది తలుపు పక్క చల్లటి గట్టు మీద పెట్టినా గబగబా గట్టిపడుతోంది. దేని గుణం దానిది. దేని పిల్లలకి దాని పోలిక.

మూడో ప్రశ్నకి జవాబు అవును.

ల్యాబులో ఇది ఎప్పటికీ కనపడేది కాదు. అక్కడ ప్రతిసారీ పాత్ర ఉడకబెట్టి మొదటి నుంచి మొదలుపెట్టాం. గుండం కూడా అదే చేస్తోంది. ఎన్ని యుగాలుగానో తెట్టు కడుతోంది, పొంగు ఊడ్చేస్తోంది. అది చేరాల్సిన చోటుకి అడుగు దూరంలో నిలబడి ఉంది, కానీ నిన్నటిని రేపటికి దాచిపెట్టేవాళ్ళు లేరు. నేను చెంచా పట్టుకుని వచ్చాను. గట్టిదాన్ని ఉంచి, జారుడుది పారబోశాను. ఏరేపని కూడా నేనే చేశాను. అమ్మ లేనిదానికి నా ఎంగిలి చెంచా అమ్మయింది. ఆశీర్వాదం ఆవేళ అడిగిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పగలను, కానీ చెప్పే ధైర్యం లేదు.

గిన్నెలన్నీ ఉడకబెట్టి పారబోస్తే పోతుందనుకున్నాను. ఎవరికీ తెలియదు, నౌక వస్తుంది, వెళ్ళిపోతాం. అంతా తోమేసి, ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు చేతులు దులుపుకున్నాక ఒక అనుమానం వచ్చింది. కాచి చల్లార్చిన పాలలో నా ఉమ్మి వేసి మూత పెట్టాను. సాయంత్రం గిన్నె వంచాను. కదల్లేదు.

దినచర్య 115

పొద్దున్నే ఆశీర్వాదం నా గది తలుపు బాదాడు. లేచి వెళ్ళేసరికి ఒకటో తొట్టెలో కలిపే కర్ర ఎవరూ పట్టుకోకుండా నిటారుగా నిలబడి ఉంది. తొట్టె మొత్తం తోడుకుంది. పచ్చటి పెరుగు. పాచి అందులో ఇరుక్కుని, అంచుల నుంచి పసుపు తిరుగుతోంది. రెండో తొట్టెలో వాడు గిన్నెలు తొలవలేదు, అదొక్కటే మిగిలింది. ఆ ఒక్కదాని గాలి మా ఇద్దరికీ బొటాబొటిగా సరిపోతుంది.

ఇక దాచడం నా వల్ల కాలేదు. సీసా దగ్గర నుంచి ఉమ్మి దాకా అంతా చెప్పాను. వాడు వింటూ వింటూ నేల మీద కూర్చుండిపోయాడు. తర్వాత లేచి ఎన్ని మాటలన్నాడో రాయలేను, రాయను కూడా. అన్నింటికీ నేను తగినదాన్నే. వాడు నా మీద గొంతెత్తడం ఇదే మొదటిసారి. చివరికి నా రెండు చేతులూ పట్టుకుని బతిమాలాడు. తొట్టెకి జబ్బు చేసిందని చెబుదామన్నాడు. తెట్టు తుప్పేనని వాళ్ళే తేల్చారు, మనం అబద్ధం ఆడక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలన్నాడు.

"అది పెరుగక్కా. పెరుగని చెప్పు, ఇంకేం చెప్పకు."

మీ వీధి చివర కూడా తొట్టె ఉందిగా అని నేను అనలేదు. నోటి దాకా వచ్చింది, మింగేశాను. వాడి బతుకు నా చెంచాతో పాడు చేసి, పైగా వాడికి నీతులు చెప్పే మొహం నాకు లేదు. సరే, నా అంతట నేను చెప్పనని మాటిచ్చాను. ఇచ్చినప్పుడు నాకూ ఇంటికి వెళ్ళాలనే ఉంది. ఇప్పటికీ ఉంది.

వాడు తొట్టె గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఆ గట్టిపడినదాన్ని గరిటెతో తవ్వి బకెట్లలో పోస్తున్న చప్పుడు చాలాసేపు వినపడింది. మధ్యలో చప్పుడు ఆగేది. ఆగినప్పుడల్లా నాకు భయం వేసేది.

దినచర్య 117

నౌక వచ్చింది. అద్దం అవతల గదిలో దీపం వెలిగి, నా మొహం పోయి ఇంకో మనిషి మొహం కనిపించింది. మందాకిని గారు నేననుకున్నంత పెద్దావిడ కాదు. నుదుట చిన్న బొట్టు, అలిసిన కళ్ళు. ఇన్నాళ్ళకి కొత్త మనిషిని చూసేసరికి, సిగ్గు లేకుండా అద్దానికి చెయ్యి ఆనించాను. ఆవిడా అవతల నుంచి ఆనించారు.

గోడలో మాట్లాడే గొట్టం ఉంది. ఆరోగ్యం అడిగారు, నిద్ర అడిగారు. ఆశీర్వాదం నా వెనక నిలబడి ఉన్నాడు. సంచీ భుజాన, గిలక్కాయ జేబులో. ఒక తొట్టె చెడిపోయిందని చెప్పాడు. ఆవిడ తలూపి తలుపు చక్రం మీద చెయ్యి వేశారు. అంతలో ఏదో గుర్తొచ్చి చెయ్యి తీసి, సంచీలోంచి మూత బిగించిన చిన్న స్టీలు డబ్బా తీసి చూపించారు. సుభద్ర పంపిందట. మీ తోడు పోయిందని రేడియోలో ఏడ్చారటగా, మీరు ఇంటికి వచ్చేదాకా దారిలో తినడానికి పంపింది అన్నారు. తను ఇవ్వకుండా నేను పట్టుకొచ్చానని ఇన్నాళ్ళూ సాధించిన మనిషి, తన గిన్నెలోంచి తీసి నాకు పంపింది.

అప్పుడు ఆవిడ చూపు నా భుజం మీదుగా వంటగదిలోకి పోయింది. బల్ల మీద పొద్దుటి కంచం ఉంది. నా బతుకంతటిలో కంచం తియ్యకుండా లేచింది ఇవాళే, నౌక చప్పుడు విని పరిగెత్తి. కంచంలో తెల్లగా పెరుగన్నం, పక్కన చల్లమిరపకాయ. గిన్నెలన్నీ పారబోశాక కూడా, నా ఉమ్మితో తోడుకున్నదాన్ని మాత్రం మళ్ళీ పాలలో వేశాను. ఎలాగూ ఒంట్లో ఉన్నదే కదా అనుకున్నాను. అలవాటు చంపుకోలేకపోయాను.

మరి ఆ పెరుగు ఎక్కడిదని అడిగారు. పాలలో తెట్టు పడిందండీ అన్నాను. అది నిజమే. ఆవిడ కాగితంలో ఉన్న మూడు ప్రశ్నల్లో ఏదీ అడగలేదు. ఆవిడా కొత్త కోరంగిలో పుట్టిన మనిషే, ఆవిడా వంటింట్లో పెరిగిందే.

"పాలు విరిగాయా, తోడుకున్నాయా?"

విరిగాయి. నాలుగు అక్షరాలు. నా నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి. చక్రం రెండు చుట్లు తిరిగితే అవతల గది, నౌక, ఊరు, వీధి, సుభద్ర. వాడికి మాటిచ్చాను. నిజం చెప్పనని ఇచ్చాను గానీ, అబద్ధం చెబుతానని ఇవ్వలేదు. రెండూ చెయ్యలేక నోరు తెరిచి అలాగే నిలబడ్డాను.

"తోడుకున్నాయండి," అన్నాడు ఆశీర్వాదం నా వెనక నుంచి. "మా తొట్టె కూడా తోడుకుంది. జబ్బు కాదండి అది. మా ఒంట్లో కూడా ఉంది. మా వీధి చివరో తొట్టె ఉందండి. మా పాప దాని అంచు పట్టుకునే నిలబడతది."

భుజం మీది సంచీ దించి కింద పెట్టాడు.

మందాకిని గారు చక్రం దగ్గర నుంచి వెనక్కి జరిగి, తలుపుకి వీపు ఆనించి అవతల నేల మీద కూర్చున్నారు. అద్దంలోంచి ఆవిడ నడినెత్తి మాత్రమే కనిపించింది. నేనూ ఇవతల కూర్చున్నాను. గొట్టంలోంచి ఒకరి ఊపిరి ఒకరికి వినపడుతోంది. ఆవిడ కాగితం తీసి, ఉద్యోగం కాబట్టి అడుగుతున్నానన్నారు. ఈ జీవం మొదలైన చోటు ఏమని రాయమంటారు, గుండమనా?

"వంటగది అని రాయండి," అన్నాను.

రాస్తున్న చప్పుడు వినపడింది. జీవమని తేలినదాన్ని చంపకూడదని కూడా అదే చట్టంలో ఉందని, దాన్ని ఆగకుండా కాపాడాల్సిన బాధ్యత ఇక మా ఇద్దరిదేనని చెప్పారు. లోపలికి సామాను వచ్చే చిన్న గూట్లోంచి గాలి సీసాలు, పాచి విత్తనం, పాలపొడి పంపారు. చివర స్టీలు డబ్బా పంపారు. లోపలికి రావడానికి దేనికీ అడ్డు లేదు.

దినచర్య 118

నౌక వెళ్ళిపోయింది. అద్దంలో మళ్ళీ నా మొహమే ఉంది.

సువార్త రేడియోలోకి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఆశీర్వాదంతో ఇంకో మాట లేకుండా నన్ను పిలవమంది. చెంచాడు పెరుగు కోసం నా సంసారాన్ని మింగేశారు కదండీ అంది. అవునమ్మా అన్నాను. అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు. తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను నడవ చివరికి పోయి నిలబడ్డాను. గిలక్కాయ చప్పుడు వినపడింది, ఆగింది, మళ్ళీ వినపడింది.

సుభద్ర డబ్బా తెరిచాను. మా ఇంటి వాసన. కొత్త చెంచాతో, నోటికి తగలకుండా, ఊపిరి కూడా బిగబట్టి, కొంచెం తీసి పాలలో వేసి వేరే అరలో పెట్టాను. ఒక్కసారి మా ఎంగిలి తగిలితే ఇది ఇక అది కాదు. రెండో అరలో మాది పెట్టాను. రెండూ తోడుకున్నాయి. బల్ల మీద రెండు గిన్నెలూ పక్కపక్కన పెడితే ఏది ఏదో చూసి చెప్పలేం. ఆశీర్వాదం వచ్చి కూర్చున్నాడు. పొద్దుటి నుంచి నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా నేను ఏమీ అనేదాన్ని కాదు. ఇంటి పెరుగు వడ్డించాను. తిన్నాడు, తల ఎత్తకుండా, కంచం ఊడ్చుకుని. కళ్ళ నీళ్ళు అన్నంలో పడుతున్నా ఆపకుండా తిన్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చి, గిన్నెలు తొలవడానికి తీసుకోబోతూ ఆగాడు.

"రెండిట్లోంచీ రేపటికి తీసిపెట్టావా అక్కా?"

తీశానన్నాను. అప్పుడు గిన్నెలు పట్టుకుని లోపలికి వెళ్ళాడు.